గ్రోబన్, ఇవాంకో కలిసి పాడితే: ముందు పాట తేల్చండి, తర్వాత శ్రుతి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. విశాఖలో మీరు కొంతమంది, అమెరికన్ గాయకులు జోష్ గ్రోబన్, జాకీ ఇవాంకోల అభిమానులు, వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఆ ఇద్దరూ కలిసి పాడితే ఎలా ఉంటుందన్నదే గ్రూపులో సగం కబుర్లు. ఏ పాట అన్న దగ్గరే పేచీ. ఎక్కువమంది 'ది ప్రేయర్' అంటున్నారు. ఒకతను ఇద్దరి రికార్డింగులూ తీసుకుని ఏదో యాప్‌లో డ్యూయెట్ తయారుచేశాడు, అది అతకలేదు. ఇంతటితో ఆగకుండా, డిసెంబర్‌లో మీ క్రిస్మస్ కార్యక్రమంలో ఆ ఊహని నిజం చెయ్యాలనుకుంటున్నారు. గ్రోబన్ భాగానికి చర్చి కోయర్‌లో (గానబృందంలో) పాడే అబ్బాయి ఉన్నాడు, ఇవాంకో భాగానికి కర్ణాటక సంగీతం నేర్చుకున్న అమ్మాయి ఉంది. ఏ పాట, ఏ శ్రుతి, ఎలా సాధన చేయించాలి అన్నది ప్రశ్న.

నేను చాలా ఏళ్ళుగా ఇక్కడి చర్చి కోయర్లకు పాటలు నేర్పుతున్నాను, లలిత సంగీత కార్యక్రమాలకు కీబోర్డ్ వాయిస్తాను. ఇద్దరు గాయకుల మధ్య శ్రుతి పంచాయితీ తీర్చడం ఈ పనిలో రోజూ ఉండేదే. కాబట్టి అభిమానిగా కాకుండా ఆ పంచాయితీ పెద్దగానే జవాబిస్తాను.

మీ గ్రూపు చేస్తున్న పొరపాటు ఒక్కటే. రెండు గొంతులు విడివిడిగా బాగున్నాయి కాబట్టి కలిస్తే రెట్టింపు బాగుంటాయని లెక్కేస్తున్నారు. డ్యూయెట్‌కి ఆ లెక్క పనికిరాదు. ఇద్దరికీ నిలబడే చోటు ఇచ్చే పాట దొరకాలి. ఒకరు పాడుతున్నప్పుడు రెండోవాళ్ళు తగ్గగలగాలి. గొంతుల అందం ఆ తర్వాతి మాట.

ముందు మీ ఊహ గాలిలో మేడ కాదని చెప్పాలి. గ్రోబన్‌కి తలుపు తెరుచుకున్నదే వేరొకరి డ్యూయెట్‌లో ఖాళీ పూరించినందుకు. 1999 గ్రామీ వేడుకకు రిహార్సల్స్ జరుగుతున్నాయి. 'ది ప్రేయర్' పాడాల్సిన ఇద్దరిలో సెలీన్ డియాన్ ఉంది, ఇటాలియన్ గాయకుడు ఆంద్రేయా బొచెల్లి లేడు. సంగీత నిర్మాత డేవిడ్ ఫోస్టర్ ఒక కుర్రాణ్ణి పిలిచి బొచెల్లి భాగం పాడించాడు. ఆ కుర్రాడికి ఇంకా 18 నిండలేదు. అతనే గ్రోబన్. 2001లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో అదే పాటని గాయని షార్లెట్ చర్చ్‌తో పాడాడు, 2002లో సాల్ట్ లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలోనూ ఆమెతోనే పాడాడు. 2018 'బ్రిడ్జెస్' ఆల్బమ్‌కి వచ్చేసరికి ఆ బొచెల్లితోనే డ్యూయెట్. ఇక ఇవాంకో 2010లో 'అమెరికాస్ గాట్ టాలెంట్' టీవీ పోటీలో రెండో స్థానం తెచ్చుకుని, మరుసటి ఏడాది 'డ్రీమ్ విత్ మీ' ఆల్బమ్ చేసింది. దానికి నిర్మాత ఎవరనుకున్నారు? మళ్ళీ డేవిడ్ ఫోస్టరే. ఒకే మనిషి చేతిలో ఇద్దరూ పెరిగినప్పుడు అభిమానులు లంకె కలపడంలో వింతేముంది.

మరి ఎందుకు కలపలేదంటారా? మనకి కనిపించేంతవరకు చూస్తే కంపెనీల గోడ ఒకటుంది. గ్రోబన్ రికార్డులు వార్నర్ వైపు, ఇవాంకో ఆ రోజుల్లో సోనీ వైపు. 'డ్రీమ్ విత్ మీ'లో ఆమెతో గొంతు కలిపినవాళ్ళు బార్బ్రా స్ట్రైసాండ్, సూసన్ బాయిల్. ఇద్దరూ సోనీ గూటి వాళ్ళే. గ్రోబన్ 2007 క్రిస్మస్ ఆల్బమ్ 'నోయెల్'లో అతనితో పాడిన ఫెయిత్ హిల్ వార్నర్ మనిషి. ఇది దాటరాని గోడేం కాదు, బొచెల్లి విషయంలో దాటారు కదా. కానీ సొంత ఇంట్లో మనిషి దొరికితే పక్కింటికి వెళ్ళి అనుమతి అడిగేవాళ్ళు తక్కువ. దీని గురించి ఇంతకంటే తవ్వి ప్రయోజనం లేదు.

అసలు విషయానికొద్దాం. మీరు ఊహిస్తున్నది ఏ సంవత్సరం ఇవాంకోని, ఏ సంవత్సరం గ్రోబన్‌ని? ఈ ప్రశ్న మీ గ్రూపులో ఎవరూ వేసినట్టు లేదు. ఆమె పుట్టింది 2000లో, అతను 1981లో. మీవాళ్ళు పంపుకునే క్లిప్పులు చూస్తే అటు పదేళ్ళ పిల్ల, ఇటు ఇరవై దాటీ దాటని కుర్రాడు. ఆ రెండు గొంతులూ ఒకే కాలంలో ఎప్పుడూ లేవు. 2010లో ఆమెకి పదేళ్ళయితే అతనికి 29. ఇప్పుడు ఆమెది నిండు గొంతు, కింది స్వరాలు బలపడ్డాయి, మాట పలికే తీరు మారింది. అతను 2016లో బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కాడు, 2023లో 'స్వీనీ టాడ్' నాటకంలో ప్రధాన పాత్ర చేశాడు. రోజూ రంగస్థలం మీద నటిస్తూ పాడే మనిషి గొంతుకి కథ చెప్పే అలవాటు పడుతుంది. తొలి ఆల్బమ్ నాటి మెత్తదనం కోసం అక్కడ వెతక్కూడదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మీ గ్రూపు జాబితాలో సగం ప్రేమ పాటలే. పదేళ్ళ పిల్ల గొంతుని మనసులో పెట్టుకుని దానికి ప్రేమ డ్యూయెట్ అంటగడితే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. పెద్ద గొంతు, పసి గొంతు కలిసే పాటకి ప్రార్థన కావాలి, లేదా జోలపాట కావాలి. పడమటి సంగీతంలో దీనికి మంచి దారి ఉంది. ఆండ్రూ లాయిడ్ వెబర్ 1985లో 'రెక్వియమ్' (చనిపోయినవారి కోసం పాడే ప్రార్థన సంగీతం) చేసినప్పుడు అందులో 'పియె యేసు' అన్న భాగాన్ని ఒక సొప్రానోకి (పైస్థాయి ఆడగొంతుకి), ఒక బాలుడికి రాశాడు. సారా బ్రైట్‌మన్, పాల్ మైల్స్-కింగ్‌స్టన్ అనే అబ్బాయి పాడారు. వయసు తేడాని దాచే ప్రయత్నం అక్కడ లేదు, పాట అందమంతా ఆ తేడాలోనే ఉంది. 1990లలో శాస్త్రీయ గొంతుని పాప్ పాటలోకి తెచ్చి ప్రపంచమంతా వినిపించినవాళ్ళలో ఈ బ్రైట్‌మనే ముందుంటుంది. 1996లో బొచెల్లితో ఆమె పాడిన 'టైమ్ టు సే గుడ్‌బై' తెలియని క్రాసోవర్ (శాస్త్రీయం, పాప్ కలిసిన సంగీతం) అభిమాని ఉండడు.

ఇప్పుడు 'ది ప్రేయర్' సంగతి. పాట గొప్పదే, కాదనను. కానీ మీ ఊహకి అది సరిపడదు. ఆడగొంతు మొదలుపెట్టే చరణం బాగా కిందుగా, మాట్లాడినట్టు నడుస్తుంది. సెలీన్ డియాన్ పాప్ గాయని, ఛాతీ నుంచి పలికే కింది స్వరాలు ఆమెకి నల్లేరు మీద నడక. తలలోంచి పలికే తేలిక సొప్రానో అక్కడ నిలబడితే మైకు ఎంత పెంచినా పల్చగానే వినిపిస్తుంది. ఆ పల్చదనం కోసం శ్రుతి పైకి జరిపితే ఇటాలియన్‌లో వచ్చే మగగొంతు చరణం గ్రోబన్ నెత్తిమీదికి వస్తుంది. అతని గొంతుకి టెనర్ (పైస్థాయి మగగొంతు) ఎత్తు ఉంది గానీ రంగు బారిటోన్‌ది (మధ్యస్థాయి మగగొంతుది). ఆ రంగు పలికేది మధ్యస్థాయిలోనే. పైకి నెడితే బిగువు మిగులుతుంది, రంగు పోతుంది. పైగా ఆ పాట అతను షార్లెట్ చర్చ్‌తో పాడేశాడు. ఎవరు పాడినా జనం ఆ రికార్డింగుతో పోల్చకుండా ఉండరు. ఊహించుకునేటప్పుడు కూడా కొత్త పాట ఊహించుకోవచ్చు కదండీ.

ఇక్కడ మనవాళ్ళు తరచూ పొరబడే చోటొకటి ఉంది. సినిమా డ్యూయెట్ విని పెరిగిన చెవి మనది. పల్లవి ఆయన ఎత్తుకుంటే అనుపల్లవి ఆవిడ అందుకుంటుంది, చరణాలు తలొకటి. మనం పాటని పంచుకుని పాడతాం. 'నర్తనశాల' (1963)లో సుసర్ల దక్షిణామూర్తి సంగీతంలో బాలమురళీకృష్ణ, బెంగళూరు లత పాడిన 'సలలిత రాగ సుధారస సారం' తీసుకోండి. కచేరీ గొంతు సినిమాలోకి నడిచొచ్చిన పాట, నన్నడిగితే అదీ క్రాసోవరే. అంత గొప్ప పాటలోనూ ఇద్దరూ రాగాన్ని వంతులవారీగా చేతులు మార్చుకుంటారే తప్ప ఒకే క్షణంలో రెండు వేర్వేరు స్వరాలు పట్టుకుని నిలబడరు. పడమటి డ్యూయెట్‌కి ప్రాణం ఆ నిలబడటంలోనే ఉంది. ఒకరు షడ్జమం (స) మీద ఉంటే ఇంకొకరు గాంధారం (గ) మీద, ఇద్దరూ కదలకుండా. అందుకని మీ అమ్మాయి ఎంత బాగా పాడినా ఆ ఒక్క పనికి విడిగా సాధన కావాలి.

ఇక నా ఓటు. 'పానిస్ ఆంజెలికుస్'. మాటలు 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ రాసిన లాటిన్ కీర్తనలోవి. బాణీ ఫ్రెంచ్ స్వరకర్త సెజార్ ఫ్రాంక్ 1872లో కట్టాడు. దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే, ఇద్దరూ విడివిడిగా దీన్ని రికార్డు చేశారు. గ్రోబన్ 'నోయెల్'లో ఉంది. ఇవాంకో 2010 నవంబర్‌లో విడుదల చేసిన నాలుగు పాటల క్రిస్మస్ రికార్డు 'ఓ హోలీ నైట్'లో ఉంది. ఏ యాపూ అక్కర్లేదు, ఒకదాని తర్వాత ఒకటి వినండి. అదే బాణీ దగ్గర ఇద్దరూ ఏం చేస్తున్నారో తెలిసిపోతుంది. అతను వాక్యం చివరికి వెళ్ళేకొద్దీ గొంతు వెడల్పు చేస్తాడు. ఆమె మొదటి స్వరాన్నే గుండ్రంగా పెట్టి దాన్ని చెదరనివ్వకుండా మోసుకుపోతుంది. ఒకరు నడుస్తున్నారు, ఒకరు నిలుస్తున్నారు. ఇలాంటి ఇద్దరికే డ్యూయెట్ కుదురుతుంది. ఇద్దరూ నడిచేవాళ్ళయితే గుద్దుకుంటారు.

రెండో కారణం పాట కట్టుబడి. మొదటిసారి బాణీ ఒక్క గొంతులో పూర్తిగా వస్తుంది. రెండోసారి వచ్చేటప్పుడు అదే బాణీని ఇంకో గొంతుగానీ వాద్యంగానీ ఒక బార్ (మన తాళంలో ఆవర్తం లాంటిది) వెనకగా అందుకుని వెంటాడుతుంది. పడమటివాళ్ళు దీన్ని కానన్ అంటారు. వంతులవారీ డ్యూయెట్ అలవాటున్న మన చెవికి ఇది మంచి వంతెన. ఇద్దరూ పాడేది ఒకే బాణీ, అయినా ఒకేసారి రెండు వేర్వేరు స్వరాలు వినిపిస్తాయి. హార్మనీ కోసం వేరే వరస బట్టీ పట్టే బాధ ఉండదు. మీ అమ్మాయికి ఈ ఒక్క సౌకర్యం చాలు, సగం టెన్షన్ తీరిపోతుంది.

శ్రుతి దగ్గరికొద్దాం, మీ గొడవలో ముప్పాతిక భాగం ఇదే. కర్ణాటక సంగీతంలో మగవాళ్ళు సాధారణంగా ఒకటి నుంచి రెండు శ్రుతిలో పాడతారు, అంటే సి, డి. ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర, ఆరు. ఒకటో శ్రుతి అబ్బాయినీ ఐదో శ్రుతి అమ్మాయినీ పక్కపక్కన కూర్చోబెడితే ఆమె షడ్జమం అతని పంచమం (ప) దగ్గర పడుతుంది. సినిమా పాటలో ఈ చిక్కుని ఎవరో ఒకరి గొంతు సాగదీసి తీరుస్తారు. మగగొంతుని పైకి ఎక్కించడమో, ఆడగొంతుని కిందికి దించడమో. క్రాసోవర్ అరేంజర్లు పాట మధ్యలో శ్రుతే మార్చేస్తారు. ఆమె చరణం ఒక శ్రుతిలో, అతని చరణం ఇంకో శ్రుతిలో, వాద్యబృందం మధ్యలో మెట్టు కట్టి దాటిస్తుంది. వినేవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడిచే చోటు అదే. కర్ణాటక సాధన చేసినవాళ్ళకి కాళ్ళ కింద నేల కదిలే చోటూ అదే.

ఇది నేను కళ్ళారా చూశాను. చినవాల్తేరులో ఓ ఇంటి ముందుగది, ఫ్యాను చప్పుడు మైకులోకి రాకుండా ఆపేశాం, ఫోన్‌లో తంబూర యాప్. అమ్మాయి మంచి వర్ణాలు, కృతులు పాడుతుంది. కీబోర్డ్ మీద నేను శ్రుతి ఒక మెట్టు పైకి మార్చాను. ఆమె గొంతు మాత్రం కదల్లేదు. ఎడమ అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పాత షడ్జమాన్ని పట్టుకునే పాడుతోంది. పక్కనున్న అబ్బాయి, కోయర్‌లో పెరిగినవాడు, కొత్త శ్రుతిలోకి హాయిగా వెళ్ళిపోయాడు. ఆగాక ఆమె అన్న మాట: "అదేటి మాస్టారూ, తంబూర అక్కడే ఉంటే నేనెలా వెళ్ళిపోతాను?" నూటికి నూరుపాళ్ళు న్యాయమైన మాట. చిన్నప్పట్నుంచి షడ్జమం కదలకూడదనే కదా నేర్పాం. తంబూర ఆపేశాను. మెట్టు దాటే ముందు రెండు బార్ల వాద్యం నిడివి పెంచి, కొత్త షడ్జమాన్ని ఆమె చేత లోపల్లోపలే అనిపించి, అప్పుడు ఎత్తుకోమన్నాను. కుదిరింది. కానీ క్రిస్మస్ దగ్గర పడ్డాక మీకు అంత ఓపిక ఉంటుందో లేదో. అందుకే శ్రుతి మార్చనవసరం లేని పాట చెబుతున్నాను.

'పానిస్' బాణీ మొత్తం ఒక స్థాయికి కాస్త పైన ఉంటుందంతే. ఆమె పైస్థాయిలో, అతను సరిగ్గా దాని కింది స్థాయిలో పాడితే ఒకే శ్రుతి ఇద్దరికీ చాలుతుంది. ఫ్రాంక్ రాసింది 'ఏ' (A) మేజర్‌లో, అంటే ఆరో శ్రుతిలో. అది తేలిక సొప్రానోకి బాగుంటుంది గానీ కర్ణాటక పద్ధతిలో నిండు గొంతుతో పాడే అమ్మాయికి పైన ఇరుకు. మీరు ఎఫ్‌తో, అంటే నాలుగో శ్రుతితో మొదలుపెట్టి చూడండి. "నాది ఐదున్నర, నాలుగంటే మరీ కింద కదా" అని ఆమె అంటుంది, తప్పకుండా అంటుంది. ఇక్కడ షడ్జమం పాటకి అడుగున ఉండదు, మధ్యలో ఉంటుంది, బాణీ దానికి అటూ ఇటూ తిరుగుతుంది. ఇది మాటల్లో చెబితే నమ్మరు, ఒకసారి పాడించండి. అబ్బాయికి మరీ అడుగున పడుతుందనిపిస్తే ఫ్రెంచ్ బాణీకేం కోపం రాదు, అర మెట్టు పెంచుకోండి. అంతకు మించి మాత్రం బేరం వద్దు.

గమకం సంగతి కూడా అడిగారు, తీసెయ్యాలా అని. చాలామంది కోయర్ మాస్టర్లు "ఆ ఊపులు మానెయ్యమ్మా" అంటారు. నేనలా అనను. ఆమె ఒంటరిగా పాడే మొదటి చుట్టులో, వాక్యం దిగే చోట చిన్న జారు వేసుకుంటే పాట మీ ఊరిదవుతుంది. కానన్ మొదలయ్యాక మాత్రం స్వరాన్ని నిలకడగా పట్టుకోవాలి. రెండు స్వరాలు కలిసి మోగుతున్నప్పుడు అందులో ఒకటి ఊగితే రెండోది అపశ్రుతిలా వినిపిస్తుంది, తప్పు ఎవరిదైనా సరే. అదే ఇబ్బంది వైబ్రాటోతోనూ ఉంది. శిక్షణ పొందిన పడమటి గొంతు సెకనుకి సుమారు ఐదు నుంచి ఏడు సార్లు కంపిస్తుంది. ఇద్దరి కంపనం వేగం వేరైతే ఎంత చక్కటి హార్మనీ అయినా మసకబారుతుంది. గ్రోబన్‌కీ ఇవాంకోకీ ఇద్దరికీ గట్టి వైబ్రాటో ఉంది. నిజంగా కలిసి పాడాల్సి వస్తే ఎవరో ఒకరు దాన్ని తగ్గించుకోవాల్సిందే. పెద్దవాడు కాబట్టి అతనే తగ్గాలని నా తీర్పు.

సాధనలో ఒక చిన్న పని, మీరు ఊహించనంత తేడా తెస్తుంది. లాటిన్ మాటల్ని తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి ఇద్దరికీ ఇవ్వండి. 'పానిస్ ఆంజెలికుస్, ఫిత్ పానిస్ హోమినుమ్.' అచ్చులు మనకి బాగా వంటబట్టేవే, ఆ విషయంలో ఇంగ్లీషువాళ్ళ కంటే మనం నయం. చిక్కంతా చివర వచ్చే 'స్' దగ్గర. ఇద్దరూ వేర్వేరు క్షణాల్లో 'స్' అంటే మైకులో రెండు పాములు బుసకొట్టినట్టు ఉంటుంది. కోయర్లలో దీనికి పాత కిటుకు ఉంది. ఇద్దరూ కలిసి ముగించే ప్రతిచోటా 'స్' ఒక్కరే పలకాలి, రెండోవాళ్ళు అచ్చు మీదే ఆగిపోవాలి. 'స్' అమ్మాయికి ఇవ్వండి. ఊపిరి తీసుకునే చోట్లు పెన్సిల్‌తో గుర్తుపెట్టించండి, ఇద్దరివీ ఒకే చోట పడకూడదు. కానన్‌లో ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాటకి కన్నం పడుతుంది.

మొదటి రెండు మూడు సాధనలు మైకు లేకుండా, ఎదురెదురుగా నిలబెట్టి చేయించండి. ఒపెరా గాయకులు మైకు లేకుండానే పెద్ద వాద్యబృందాన్ని దాటి వినిపిస్తారు, ముఖ్యంగా మగగొంతుల్లో 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శక్తి పోగుపడుతుంది కాబట్టి. క్రాసోవర్ గాయకులకి ఆ అవసరం లేదు, మైకు ఉంది. అందుకే గ్రోబన్ చెవిలో చెప్పినంత మెల్లగా మొదలుపెట్టగలుగుతాడు. మీ పిల్లలు ఆ మెత్తదనాన్ని అనుకరించాలని మొదటి రోజే మైకు నోటికి ఆనించుకుంటే ఒకరి గొంతు ఒకరికి వినిపించదు. వినిపించనప్పుడు తగ్గడం, పెరగడం అన్న ప్రశ్నే రాదు.

మీ మిత్రుడు యాప్‌లో కలిపిన డ్యూయెట్ ఎందుకు అతకలేదో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. శ్రుతి కలపడానికి ఒక గొంతుని అతను పైకో కిందికో జరిపాడు. అలా జరిపినప్పుడు గొంతు గుర్తుపట్టించే లక్షణాలు కూడా జరిగిపోతే మనిషి మారిపోయినట్టు వినిపిస్తుంది. ఇప్పటి మంచి యాపులు ఆ తేడాని చాలావరకు సర్దుతాయి. ఒక్కో రికార్డింగులో ఒక్కో హాలు ప్రతిధ్వని అంటుకుని ఉంటుంది, దాన్నీ కొంత కడగొచ్చు. కడగలేనిది ఇంకొకటుంది. ఆ రెండూ సోలోలు. ప్రతి మాటా తనదే అన్నట్టు, ప్రతి ఖాళీనీ తనే నింపుతూ పాడిన పాటలు. ఎవరూ ఎవరికీ దారి ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరం వాళ్ళకి లేదు. నిజం చెప్పాలంటే స్టూడియో డ్యూయెట్లు కూడా చాలాసార్లు ఇద్దరూ ఒకే గదిలో లేకుండానే రికార్డవుతాయి. మన సినిమాల్లోనూ అంతే. కానీ రెండో గాయకుడు పాడేటప్పుడు మొదటివాళ్ళ గొంతు హెడ్‌ఫోన్‌లో మోగుతూ ఉంటుంది, దానికి తగ్గట్టు ఒదిగి పాడతాడు. గొంతుల్ని నకలు చేసే ఏఐ పాటల్లోనూ నాకు వినిపించే లోటు ఆ ఒదుగుడే. సరదాకి చేసుకోండి, గ్రూపులో నవ్వుకోండి. యూట్యూబ్‌లో పెడితే మాత్రం హక్కుల నోటీసు రావచ్చు, అది మీ తలనొప్పి.

చివరిగా వేదిక. చర్చిలోనా, కళాభారతి లాంటి ఆడిటోరియంలోనా, బీచ్ దగ్గర ఆరుబయటా అన్నది మీరు తేల్చుకోలేదు. ఈ పాటకి ఆరుబయలు వద్దని నా సలహా. ఆర్కే బీచ్ గాలి సన్నటి పైస్వరాల్ని ఎత్తుకుపోతుంది, సౌండ్ అతను దాన్ని పూడ్చడానికి ఎకో పెంచుతాడు, దాంతో కానన్‌లో వెనక వచ్చే గొంతు ముందు గొంతు ఎకోలా వినిపిస్తుంది. జ్ఞానాపురం కెథడ్రల్ లాంటి పెద్ద చర్చిలో అయితే గోడలే కావలసినంత మోగుతాయి. అక్కడ నడక కాస్త తగ్గించాలి, మైకులో ఎకో పూర్తిగా ఆపించాలి. ఆడిటోరియంలో మోత తక్కువ, కాబట్టి మాటలు తేటగా వినిపిస్తాయి, తప్పులు కూడా అంతే తేటగా. వాద్యాలు పియానో ఒక్కటి చాలు. చెల్లో (వయొలిన్ జాతి మంద్ర వాద్యం) వాయించేవాళ్ళు దొరికితే వదలకండి, దొరక్కపోతే కీబోర్డ్‌లో చెల్లో శబ్దం వద్దు, మీ దగ్గర వయొలిన్ వాయించేవాళ్ళు ఉంటారు, కింది తీగల మీద వాయించమనండి.

సాధన మొదలుపెట్టాక ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. ఆమె ఒంటరిగా పాడే మొదటి చుట్టు అక్కర్లేదు, అది బాగానే వస్తుంది. అతను వెనక నుంచి అందుకునే చోటు, దాని తర్వాత ఎనిమిది బార్లు పెట్టండి. శ్రుతి అర మెట్టు పెంచాలో, అబ్బాయిని ఒకడుగు వెనక్కి నిలబెట్టాలో అది విని చెబుతాను.